18,500కి కొన్న పాత థింక్‌ప్యాడ్ టీ480 లాప్‌టాప్, ఎనిమిది నెలలు వాడాక

నా పాత లాప్‌టాప్ 2021లో 62 వేలు పోసి కొన్నా. సన్నగా, వెండి రంగులో, చంకలో పెట్టుకుంటే ఉందో లేదో తెలిసేది కాదు. 8 జీబీ ర్యామ్ (ఒకేసారి తెరిచిన పనులన్నీ పట్టే జాగా). నేను వెబ్‌సైట్లు కట్టే ఫ్రీలాన్సర్ని, అప్పుడు నేను చేసే పనికి అది ఎక్కువే, వర్డ్‌ప్రెస్ సైట్లు, కాస్త పీహెచ్‌పీ, అంతే. తర్వాత పని మారింది, రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) వచ్చింది, డాకర్ (డేటాబేస్ లాంటివి విడి డబ్బాల్లో పెట్టి నడిపేది) వచ్చింది, రోజుకి మూడు వీడియో కాల్స్ వచ్చాయి, ర్యామ్ మాత్రం ఆ 8 దగ్గరే కూర్చుంది. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ (ప్రాజెక్ట్‌కి కావాల్సిన కోడ్ ప్యాకేజీలు దింపే కమాండ్) కొట్టి వెళ్ళి స్నానం చేసొచ్చిన రోజులున్నాయి, వచ్చాక చూస్తే ఇంకా తిరుగుతూనే ఉండేది.

ర్యామ్ పెంచుదామని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే కౌంటర్‌లో అమ్మాయి, సార్ దీంట్లో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, పెంచాలంటే బోర్డు మొత్తం మార్చాలి అని 38 వేలకి కొటేషన్ చేతిలో పెట్టింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చి టీ తాగుతూ లెక్కేసుకున్నా, ఆ 38 వేలలో ఏమేమి వస్తాయా అని. ఏ కంపెనీ అని అడక్కండి, సన్న లాప్‌టాప్‌లు చాలావరకు ఇప్పుడు ఇలాగే వస్తున్నాయి.

మాలాంటి వాళ్ళకి ప్రాసెసర్ కంటే ముందు ర్యామ్ అయిపోతుంది, ఇది ఫ్రంటెండ్ (సైట్‌లో కంటికి కనపడే భాగం) చేసే ఎవర్ని అడిగినా చెప్తారు. నా మామూలు రోజు చెప్తా. క్రోమ్‌లో ముప్పై ట్యాబులు, కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ (అదీ లోపల క్రోమియమే, అంటే క్రోమ్ ఇంజినే), ఆఫీస్ చాట్ స్లాక్ (అదీ అంతే), డాకర్‌లో పోస్ట్‌గ్రెస్, రెడిస్ డేటాబేస్‌లు, పైన నోడ్ సర్వర్. విండోస్‌లో డాకర్ అంటే డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల లైనక్స్ నడిపే ఏర్పాటు) కింద నడుస్తుంది, దానికి మనం ఏమీ చెప్పకపోతే మొత్తం ర్యామ్‌లో సగం దాకా లాక్కునే హక్కుంది. అంటే నా 8లో 4 దానికే పోతే మిగతా అందరూ ఉన్న 4 కోసం కొట్టుకోవాలి. టాస్క్ మేనేజర్ తెరిస్తే వీఎంమెమ్ అని (ఆ డబ్ల్యూఎస్ఎల్ తినే ర్యామే) ఒక పేరు పైన కూర్చుని ఉండేది, దాన్ని చూస్తే ఇంట్లో అద్దె కట్టకుండా ఉంటున్న చుట్టాన్ని చూసినట్టు ఉండేది. కాన్ఫిగ్ ఫైల్‌లో దానికి 2 జీబీ అని పరిమితి పెడితే డేటాబేస్ చచ్చిపోయేది, 3 పెడితే క్రోమ్ ఏడ్చేది.

అప్పుడే పాత థింక్‌ప్యాడ్ల గురించి వెతకడం మొదలుపెట్టా. థింక్‌ప్యాడ్ అంటే 1992లో ఐబీఎం మొదలుపెట్టిన నల్ల డబ్బాలు, 2005 నుంచి లెనోవో చేతిలో ఉన్నాయి. కంపెనీలు వీటిని లీజుకి వందల్లో తీసుకుని మూడు నాలుగేళ్ళకి మార్చేస్తాయి, ఆ లాట్లన్నీ రీఫర్బిష్డ్ (వాడినవి బాగుచేసి అమ్మేవి) అన్న పేరుతో మార్కెట్లోకి వస్తాయి. వాటిలో టీ480 ఎందుకంటే 2018 మోడల్, ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, 4 కోర్లు. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే మొదలు, విండోస్ 10కి ఏమో 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, కాబట్టి టీ470 రెండు మూడు వేలు తక్కువకి వస్తుందని దానికి పోకండి, అది ఏడో తరం దాకే. ఇంకోటి, టీ480లో ర్యామ్‌కి రెండు స్లాట్లు ఉన్నాయి. రెండూ! తర్వాత వచ్చిన టీ490లో కొంత ర్యామ్ బోర్డుకి అతికించేసి ఒకటే స్లాట్ వదిలారు, అందుకే జనం ఇంకా దీని వెంట పడుతున్నారు.

మార్చిలో ఒక బుధవారం పని పక్కనపెట్టి కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో బ్లూ లైన్‌కి మారి, ప్యారడైజ్‌లో దిగి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి నడిచా. సీటీసీ తెలియని వాళ్ళకి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్ల కాంప్లెక్స్ అది, ఆన్‌లైన్ షాపింగ్ రాకముందు హైదరాబాద్‌లో సిస్టమ్ అసెంబుల్ చేయించుకున్న ప్రతివాడూ ఒక్కసారైనా వెళ్ళి ఉంటాడు. లోపలికెళ్తే అడుగడుక్కీ ఎవరో ఒకరు ఏం కావాలన్నా, లాప్‌టాపా, ప్రింటరా అని పిలుస్తూనే ఉంటారు, చూపు కలిపితే అయిపోయాం.

మొదటి షాపులో టీ480 చూపించారు, 16 వేలే అన్నారు, బాడీ కొత్తదానిలా మెరుస్తోంది. ఆన్ చేసేటప్పుడు ఎంటర్ నొక్కి ఎఫ్1తో బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు లేచే సెట్టింగ్స్) వెళ్దామంటే పాస్‌వర్డ్ అడిగింది. ఏంటిది అంటే "అదేం కాదన్నా, విండోస్ వస్తుంది కదా, నీకు బయోస్‌తో పనేముంటది" అన్నాడు. నాకే పని. దాన్ని సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అంటారు, పాత కంపెనీ ఐటీ వాళ్ళు పెట్టి తీయకుండా అమ్మేస్తారు, థింక్‌ప్యాడ్లలో చిన్న బ్యాటరీ పీకి పెడితే పోయే రకం కాదు, బోర్డు మీద ఒక చిప్‌లో ఉంటుంది, కంపెనీ చెప్పే దారి బోర్డు మార్చుకోమనే. రేపు లైనక్స్ వేసుకోవాలన్నా, బూట్ ఆర్డర్ మార్చాలన్నా అడ్డుపడుతుంది. నేను వద్దని లేస్తే 15కి ఇస్తా అన్నాడు, మెట్లు దిగుతుంటే 14 అని కేకేశాడు. సీటీసీకి వెళ్ళి ఈ మోడల్ కొనేవాళ్ళు వేరే ఏదీ చూడకపోయినా ఇది ఒక్కటి చూడండి.

రెండో షాపు పైన ఒక మూల, నలుగురు నిలబడితే నిండిపోయేంత. షాపు పేరు రాస్తే ప్రమోషన్ అంటారు, పైగా తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయట్లేదు. అక్కడ ఒక కుర్రాడు, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి, నేను అడక్కముందే బయోస్ తెరిచి చూపించాడు. నేను ఒక అరగంట వాడి ప్రాణం తీశా. నోట్‌ప్యాడ్‌లో ఒక్కో కీ నొక్కి చూశా, తెల్ల పేజీ ఫుల్ స్క్రీన్ పెట్టి చచ్చిన పిక్సెల్స్ వెతికా, ఎస్ఎస్‌డీ (ఫైళ్ళు దాచే డిస్క్) ఎన్ని గంటలు తిరిగిందో చూశా, తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీశా. విండోస్‌లో ఈ రిపోర్ట్ ఉన్నట్టు చాలామందికి తెలీదు, పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి పక్కన స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అంటే ఒక వెబ్ పేజీ చేసి ఇస్తుంది, అందులో బ్యాటరీ పుట్టినప్పుడు ఎంత, ఇప్పుడు నిండుగా చార్జ్ చేస్తే ఎంత అని రెండు అంకెలు ఉంటాయి. లోపలి బ్యాటరీ 24 వాట్ అవర్లకి 17 మిగిలింది, పర్లేదు. బయటిది 24కి 6, అంటే పేరుకి ఉందంతే. కుర్రాడు తల గోక్కున్నాడు, దానికేం చెయ్యలేనన్నా బయటి బ్యాటరీకి వారంటీ ఉండదు అన్నాడు, దాని మీద ఐదొందలు తగ్గించి 18,500కి తెగింది. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీతో.

కీబోర్డ్ చూసేటప్పుడు తెలుగులో 'జ్ఞానం' అని కొట్టా, నాకు అదొక అలవాటు, ఏ మెషీన్ ముట్టుకున్నా మొదట కొట్టే పదం అదే. కుర్రాడు నవ్వి, అన్నా ఆ లెటర్ తోనే కదా ఐఫోన్లు ఆగిపోయినయ్ అన్నాడు. నిజమే, 2018 ఫిబ్రవరిలో, ఆ జ్ఞా మధ్యలో కంటికి కనపడని ఒక నాన్-జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే) క్యారెక్టర్ కలిసి మెసేజ్‌లో వస్తే చూసిన యాప్ చూసినట్టే కూలిపోయేది, ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సర్దారు. ఈ లాప్‌టాప్ వచ్చిందీ ఆ ఏడాదే. వాడికి అది గుర్తుండటం నాకు భలే నచ్చింది, అప్పుడు స్కూల్లో ఉండుంటాడు.

ర్యామ్ అక్కడే కొన్నా, 16 జీబీ స్టిక్ 2,800, రెండు తీసుకున్నా. ఇక్కడ కుర్రాడి పనితనం చెప్పాలి. చాలామంది బయటి బ్యాటరీ ఊడదీసి, అంతా ఆగిపోయిందనుకుని అడుగు మూత లాగేస్తారు, కానీ దీంట్లో లోపల ఇంకో బ్యాటరీ ఉంటుంది, అది బోర్డుకి కరెంట్ ఇస్తూనే ఉంటుంది. వాడు ముందు బయోస్‌లోకి వెళ్ళి పవర్ మెనూలో లోపలి బ్యాటరీని ఆపేసే ఆప్షన్ ఒకటుంది, అది నొక్కాడు, లాప్‌టాప్ టక్కున ఆగింది, అప్పుడు స్క్రూడ్రైవర్ తీశాడు. అడుగున ఆరు స్క్రూలు, అవి ఊడి కింద పడవు, మూతకే పట్టుకుని ఉంటాయి. ఒక పాత ప్లాస్టిక్ కార్డుతో అంచు చుట్టూ తిప్పాడు, టిక్ టిక్ టిక్ అని క్లిప్పులు వదిలాయి. ర్యామ్‌ని ఏటవాలుగా పెట్టి కిందికి నొక్కితే రెండు పక్కలా లివర్లు పట్టుకున్నాయి. మొత్తం ఏడు నిమిషాలు. నేను 38 వేల కొటేషన్ కాగితం ఇంకా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నా అప్పటికి.

ఇక తిట్లు. బిల్లు అడిగితే బిల్లు కావాలంటే 18 శాతం పైన పడుతుందన్నా అని ఒక ఎస్టిమేట్ చీటీ మీద స్టాంప్ కొట్టి ఇచ్చారు, రేటు చెప్పేటప్పుడు ఆ మాట చెప్పరు. నెల రోజుల వారంటీ అని దాని వెనక పెన్నుతో రాశారు, అదే నా డాక్యుమెంట్. చార్జర్ ఒరిజినల్ అన్నారు, ఇంటికొచ్చి పెడితే టచ్‌ప్యాడ్ మీద కర్సర్ పిచ్చిపట్టినట్టు గెంతుతోంది, మణికట్టు ఆన్చితే చిన్నగా జివ్వుమంటోంది. చార్జర్ పీకగానే అంతా మామూలు. మళ్ళీ వెళ్తే ఇంకో చార్జర్ ఇచ్చారు, అదీ అంతే. మూడోసారి వెళ్ళినప్పుడు ఓనర్ ఉన్నాడు, మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదు అని నాకే క్లాస్ పీకాడు, అదే చార్జర్ వాళ్ళ కౌంటర్ మీద పెట్టి చూపించా, అక్కడా గెంతింది. అప్పుడు లోపల్నుంచి నిజం ఒరిజినల్ ఒకటి వచ్చింది. మూడు ట్రిప్పుల మెట్రో చార్జీలు, మూడు సగం రోజులు, ఫ్రీలాన్స్ వాడికి అవి కూడా డబ్బులే కదా. దీనికి టైప్ సి తోనే చార్జింగ్ కాబట్టి మీ దగ్గర మంచి 65 వాట్ల చార్జర్ ఉంటే షాపు వాళ్ళది తీసుకోకుండా ఆ డబ్బులు తగ్గించమనండి. ఇంకోటి, ఈ మోడళ్ళకి థండర్‌బోల్ట్ (అదే ఆ టైప్ సి పోర్ట్) ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఒకటి లెనోవోనే ఇచ్చింది, కొన్న రోజే అది వేసేయండి, లేకపోతే తర్వాత ఆ పోర్ట్ మొండికేసే అవకాశం ఉంది.

వాడకం సంగతి. 32 జీబీ అంటే ఏంటో మొదటి వారంలోనే తెలిసింది. ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) వేశా, డాకర్‌కి మధ్యలో డబ్ల్యూఎస్ఎల్ గొడవ లేదు. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే కుర్చీలోంచి లేవకముందే అయిపోతోంది, ఇది కొంత ఎస్ఎస్‌డీ గొప్ప, కొంత లైనక్స్ గొప్ప కూడా. రెండో రోజే ఒక ఎర్రర్ వచ్చి భయపెట్టింది, ఈనోఎస్‌పీసీ అని, డిస్క్‌లో జాగా లేదనుకుని సగం ఫైళ్ళు డిలీట్ చేశా, చూస్తే డిస్క్ సంగతి కాదు, సేవ్ కొట్టగానే పేజీ మారాలంటే లైనక్స్ ప్రతి ఫైల్ మీదా ఒక కన్నేసి ఉంచాలి, ఆ కళ్ళకి ఒక లెక్కుంది, ఎన్‌పీఎం దింపినవన్నీ ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ పుణ్యమా అని ఆ లెక్క దాటిపోయింది. ఐనోటిఫై లిమిట్ (ఆ కళ్ళ లెక్క) 5,24,288కి పెంచితే సరి. లెక్క పెరిగినకొద్దీ కాస్త ర్యామ్ తింటుంది, ఇప్పుడు తిననీ.

కీబోర్డ్ గురించి జనం ఊరికే పొగడరు. 1.8 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది, రోజంతా కొట్టేవాడికి వేళ్ళు ముందు గమనిస్తాయి, మనం తర్వాత. కానీ ఎడమ మూలలో కంట్రోల్ ఉండాల్సిన చోట ఫంక్షన్ కీ ఉంటుంది, మొదటి మూడు రోజులు కాపీ అనుకుని నొక్కిన ప్రతిసారీ ఏమీ అవదు, పేస్ట్ చేస్తే ఎప్పటిదో పాత లైన్ వచ్చి పడుతుంది, ఒకసారి క్లయింట్‌కి రిప్లైలో పాలవాడి లెక్క పేస్ట్ అయింది. బయోస్‌లో రెండింటినీ అటు ఇటు మార్చుకునే ఆప్షన్ ఉంది (చూశారా, బయోస్‌తో పనేముంటది అన్నాడు ఆయన). మధ్యలో ఎర్ర బుడిపె (వేలితో కర్సర్ కదిపేది) నేను వాడను, మా అక్క కూతురు మాత్రం వచ్చినప్పుడల్లా దాన్నే గిల్లుతుంది.

మే నెలలో పది రోజులు తెనాలి వెళ్ళా, అమ్మ దగ్గరికి. అప్పటికి బయటి బ్యాటరీ కొత్తది కొన్నా, కంపాటిబుల్ రకం, లావుగా కింద దిమ్మెలా పొడుచుకొస్తుంది, 3,200. మధ్యాహ్నం మూడింటికి కరెంట్ పోయింది, ఫోన్ హాట్‌స్పాట్ మీద డెప్లాయ్ (సైట్‌ని సర్వర్‌కి ఎక్కించడం) నడుస్తోంది, లావు బ్యాటరీ అయిపోవచ్చింది. కొన్నప్పుడు వచ్చిన ఆ సన్నది పూర్తిగా చార్జ్ చేసి పక్కనుంది, ఎంత ఉంటే అంత అని లావుది ఊడబీకా. అమ్మ పక్కనే కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది, "అదేంట్రా పీకేశావు, ఆగిపోదూ" అంది. ఆగదమ్మా లోపల ఇంకోటుంది అంటే, ఇన్వర్టర్ వాళ్ళు ఇలా ఎందుకు పెట్టరో అని గొణిగింది. సన్నది పెట్టా, డెప్లాయ్ అయిపోయింది, కరెంట్ ఏడుకొచ్చింది. నడుస్తుండగా బ్యాటరీ మార్చుకునే లాప్‌టాప్ ఇప్పుడు కొత్తవాటిలో వెతికినా దొరకడం కష్టం.

ఇది తక్కువ స్పీడ్ మెషీన్ కావడం వల్ల జరిగిన మంచి ఒకటి చెప్తా. ఒక పచ్చళ్ళ ఆయనకి సైట్ చేస్తున్నాం, నేనూ ఇంకో ఫ్రెండూ. వాడి దగ్గర కొత్త మ్యాక్, వాడి దగ్గర అన్నీ వెన్నలా నడుస్తాయి. నా దాంట్లో హోమ్ పేజీ స్క్రోల్ చేస్తే ఆవకాయ దగ్గరికి రాగానే ఒక తడబాటు. వాడు నీ డబ్బా మార్చరా అంటాడు. బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ (పేజీకి ఏమేం దిగుతున్నాయో చూపించేది) తెరిస్తే ఫొటోలు ఒక్కోటి 6 ఎంబీ, ఆయన కెమెరాలోంచి తీసినవి తీసినట్టే ఎక్కించేశాం. వెబ్‌పీ (తక్కువ సైజు ఫొటో ఫార్మాట్) లోకి మార్చి సైజు తగ్గిస్తే ఒక్కోటి 150 కేబీ లోపు వచ్చింది. ఆ సైట్‌లో కొనేవాళ్ళు ఎవరు, పదివేల ఫోన్లో చూసే మనుషులే కదా, వాళ్ళకి నా డబ్బాలో కంటే ఘోరంగా వచ్చుండేది.

అదే సైట్‌లో ఇంకోటి, హెడింగ్‌లో లక్ష్మి అన్న పేరుంది. మ్యాక్‌లో బాగానే ఉంది. నా దాంట్లో క్ష్మి కింద మ ఒత్తు సగానికి తెగిపోయింది, కత్తిరించినట్టు. ఎందుకంటే ఫాంట్ పేరు మేం ఇవ్వలేదు, మ్యాక్ తన కోహినూర్ తెలుగు వేసుకుంది, ఉబుంటు తన దగ్గరున్న నోటో సాన్స్ తెలుగు వేసుకుంది, విండోస్‌లో చూస్తే నిర్మలా యూఐ వేసుకుంటుంది, ఒక్కోదానికి ఒత్తులు కిందికి దిగే లోతు ఒక్కోలా ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలు చూసుకుని లైన్ హైట్ (ఒక్కో లైన్‌కి ఇచ్చే ఎత్తు) 1.2 అని పెట్టేసి, పైగా ఓవర్‌ఫ్లో హిడెన్ (గీత దాటింది కనపడనివ్వనిది) కొడితే తెలుగులో ఒత్తు మీద ఒత్తు ఉన్నచోట తల నిలిచి కాళ్ళు తెగుతాయి. 1.6 చేసి, నోటో ఫాంట్‌ని సైట్‌తో పాటే పంపేలా పెడితే అన్నిచోట్లా కుదిరింది. ఆ తెగిన ఒత్తుతోనే సైట్ లైవ్‌కి వెళ్ళుంటే, ఆయన వాళ్ళావిడ పేరది, చంపేసేవాడు మమ్మల్ని.

బాగోలేనివి కూడా రాయాలి. స్క్రీన్ మామూలు ప్యానెల్ 250 నిట్స్ (వెలుగు కొలత), కిటికీ పక్కన కూర్చుంటే మీ మొహమే కనపడుతుంది, రంగులు కూడా వెలిసినట్టుంటాయి, డిజైనర్ పంపిన లేత నారింజ నాకు గోధుమపిండిలా వచ్చింది, రంగుల విషయంలో ఇప్పటికీ ఫోన్లో చూసే ఓకే అంటా. కెమెరా 720పీ, ఇంటర్వ్యూ కాల్స్‌కి పనికిరాదు. వేలిముద్ర సెన్సర్ ఉబుంటులో దానంతటది పనిచేయదు, ఎవరో రాసిన డ్రైవర్ వేసుకోవాలి, నేను వదిలేశా. స్క్రీన్ షేర్ చేస్తూ డాకర్ బిల్డ్ పెడితే ఫ్యాన్ హోరు అవతలివాళ్ళకి వినపడుతుంది. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ నడిపేవాళ్ళు, వీడియో ఎడిటింగ్ వాళ్ళు, సొంత మెషీన్‌లో ఏఐ మోడల్ నడుపుదాం అనుకునేవాళ్ళు దీని జోలికి రావద్దు. బరువు కూడా, లావు బ్యాటరీతో మెట్రోలో భుజం తెలుస్తుంది.

ఖర్చు మొత్తం, లాప్‌టాప్ 18,500, ర్యామ్ 5,600, బ్యాటరీ 3,200, కలిపి 27,300. పాతది నాన్న పేపర్ చదవడానికి, తెలుగు సీరియల్స్ చూడటానికి తెనాలిలో పెట్టేశా, ఆయనకి 8 జీబీ ధారాళంగా సరిపోతోంది. అడిగితే లాప్‌టాప్‌కి 5కి 4, కుర్రాడి పనికి 5కి 5, షాపుకి 5కి 2 ఇస్తా.

అన్నట్టు, ఈ మధ్య ర్యామ్ రేట్లు చూశారా, ఏఐ డేటా సెంటర్లకే చిప్పులన్నీ పోతున్నాయని పాత డీడీఆర్4 (దీంట్లో పట్టే ర్యామ్ రకం) కూడా ఎక్కి కూర్చుంది. పోయిన వారం ఆ కుర్రాడి నుంచి వాట్సాప్ మెసేజ్, "అన్నా ఆ రెండు 16 స్టిక్కులు ఇంకా ఉన్నయా, 4,000 చొప్పున నేనే తీస్కుంటా, నీకు 8 పెట్టిస్తా". బ్లూ టిక్కులు పడ్డాయి, రిప్లై మాత్రం ఇవ్వలేదు. నిన్న మళ్ళీ పెట్టాడు, 4,500 అని.